గింజంత పెంకు చెప్పే చెరువు కథ

"సార్, డైనోసార్లు తిరిగిన కాలంలో కూడా మన ఉప్పల్‌లో చెరువు ఉండేదా?"

తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె అడిగిన ప్రశ్న ఇది. అంతకు ముందురోజే పిల్లలు బిర్లా సైన్స్ మ్యూజియంలో కోటాసారస్ అస్థిపంజరాన్ని చూసి వచ్చారు. పూర్వపు ఆదిలాబాదు జిల్లా యామన్‌పల్లి దగ్గర దొరికిన ఎముకలతో దాన్ని నిలబెట్టారు. అంత పెద్ద జంతువు నీళ్ళు తాగాలి కదా, ఆ నీళ్ళు ఎక్కడివి అన్నది ఆ అమ్మాయి సందేహం.

ఉప్పల్ విషయంలో జవాబు సులువే. ఉప్పల్, నాచారం, హబ్సిగూడ ప్రాంతాల్లో ఎక్కడ పునాది తవ్వినా కొద్ది లోతులోనే గ్రానైటు బండ తగులుతుంది. దాని వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. భూమి లోపల కరిగివున్న పదార్థం చల్లారి గట్టిపడగా ఏర్పడిన రాయి కనుక అందులో శిలాజాలు ఉండవు. ఈ బండ మీద డైనోసార్ల కాలంలో ఏదైనా చెరువు ఉండినా దాని ఆనవాలు మనకు మిగలలేదు. ఇప్పుడు మనం చూసే ఉప్పల్ నల్లచెరువు, నాచారం పెద్దచెరువు మనుషులు కట్ట వేసి నిలిపినవి. భూమి వయస్సుతో పోలిస్తే అవి నిన్న మొన్నటివి.

కాని హైదరాబాదు నుంచి పడమరగా చేవెళ్ళ దాటి వికారాబాదు వైపు ప్రయాణం చేయండి. గ్రానైటు గుండ్లు తగ్గిపోయి నల్లని బసాల్టు రాయి, దానినుంచి పుట్టిన నల్లరేగడి నేల కనిపిస్తాయి. ఆ బసాల్టు పొరల మధ్య కొన్నిచోట్ల నిజంగానే డైనోసార్ల కాలపు చెరువుల మడ్డి రాయిగా మారి మిగిలివుంది.

ఆ రాతిని చూసి "ఇది ఒకప్పటి చెరువు" అని ఎలా చెప్పగలిగారు? నీళ్ళు మంచినీళ్ళా, ఉప్పునీళ్ళా? లోతు ఎక్కువా, తక్కువా? ఏడాది పొడుగునా నిలిచేవా, ఎండాకాలంలో ఇంకిపోయేవా? ఇన్ని ప్రశ్నలకు సాక్ష్యం చెప్పే జీవి ఒకటి ఉంది. అది ఆవగింజంత ఉంటుంది. ఒక్కొక్కసారి అంతకూడా ఉండదు. దాని పేరు ఆస్ట్రకాడ్.

రెండు చిప్పల మధ్య ఒక రొయ్య

ఆస్ట్రకాడ్ క్రస్టేషియా వర్గానికి చెందిన జీవి. అంటే రొయ్యకు, పీతకు దూరపు చుట్టం. మంచినీటిలో ఉండే రకాలు చాలావరకు అర మిల్లీమీటరు నుంచి రెండు, మూడు మిల్లీమీటర్ల పొడవు ఉంటాయి. రొయ్యను ఒక చిన్న చిక్కుడు గింజలో పెట్టి మూసినట్లు ఊహించుకోండి. ఆ గింజ రెండు బద్దలుగా విడిపోయినట్లే ఆస్ట్రకాడ్ పెంకు కూడా రెండు చిప్పలుగా తెరుచుకుంటుంది. వీపు వైపున రెండు చిప్పలకూ తలుపు మడతబందు లాంటి అతుకు ఉంటుంది. జంతువు చిప్పలను కొంచెం తెరిచి, స్పర్శశృంగాలను, కాళ్ళను బయటికి చాచి ఈదుతుంది, లేదా అడుగున పాకుతుంది. ఏదైనా తాకితే ఠక్కున మూసుకుంటుంది.

నాచు తునకలు, కుళ్ళిన ఆకులు, సూక్ష్మజీవులు దీని ఆహారం. దీన్ని చేపపిల్లలు తింటాయి. చెరువులో కుళ్ళును తిని చేపకు తిండిగా మారే మధ్యవర్తి అన్నమాట.

దీనికి మరొక శక్తి కూడా ఉంది. అనేక మంచినీటి రకాల గుడ్లు నీరు ఎండిపోయినా చావవు. ఎండిన మట్టిలో నెలలు, కొన్ని రకాలలో సంవత్సరాల తరబడి కూడా నిద్రావస్థలో ఉండి, వాన పడగానే పిల్లలవుతాయి. మొదటి వానలకు నిండిన గుంటలో పదిరోజులు తిరగకుండానే సన్నని చుక్కల్లాంటి పురుగులు తిరగడం మీలో చాలామంది చూసే ఉంటారు. వాటిలో కొన్ని ఇవే.

ఒక జీవి, పద్దెనిమిది చిప్పలు

ఇంత చిన్న జీవి కోట్ల సంవత్సరాల తరువాత ఎలా దొరుకుతుంది? దీని మెత్తని శరీరం కొద్దిరోజుల్లోనే కుళ్ళిపోతుంది. మిగిలేది పెంకు. అది కాల్షియం కార్బొనేటుతో, అంటే మన సున్నపురాయిలో ఉండే పదార్థంతో తయారైనది.

రొయ్య, పీతల లాగానే ఆస్ట్రకాడ్ కూడా పెరగాలంటే పాత పెంకు విడవాలి. పాము కుబుసం విడిచినట్లు పెంకు వదిలి, కొంచెం పెద్దదైన కొత్త పెంకు కట్టుకుంటుంది. మంచినీటి ఆస్ట్రకాడ్లు సాధారణంగా ఎనిమిదిసార్లు ఇలా చేసి తొమ్మిదవ దశలో పూర్తిగా ఎదుగుతాయి. దశకు రెండు చిప్పల చొప్పున లెక్క వేయండి. ఒక్క జంతువు తన జీవితంలో పద్దెనిమిది చిప్పలను చెరువు అడుగున జారవిడుస్తుంది. మొదటి దశల చిప్పలు మరీ పలచన కనుక చాలావరకు చెడిపోతాయి. అయినా మిగిలేవి తక్కువేమీ కాదు.

ఏటా వానకాలంలో చెరువులోకి ఒండ్రు వస్తుంది. నిరుడు పడిన చిప్పల మీద ఈ ఏటి ఒండ్రు పరుచుకుంటుంది. దాని మీద ఈ ఏటి చిప్పలు పడతాయి. ఇలా అడుగున పాతది, పైన కొత్తది. పూడికను నిలువుగా కోసి చూస్తే, పాత దినపత్రికలను ఒకదానిమీద ఒకటి పేర్చిన దొంతర లాంటిదే. కాకపోతే ఈ పత్రికను చదవడానికి అక్షరాలకు బదులు చిప్పలు తెలిసివుండాలి.

అన్ని చెరువుల్లోనూ ఈ పెంకులు మిగలవు. నీరు ఆమ్లగుణం కలిగివుంటే కాల్షియం కార్బొనేటు కరిగిపోతుంది. అందుచేత పెంకులు దొరకనంత మాత్రాన అక్కడ ఆస్ట్రకాడ్లు లేవని తేల్చకూడదు. సాక్షి రాకపోవడం వేరు, సంఘటన జరగకపోవడం వేరు.

చిప్పను ఎలా చదువుతారు?

ముందుగా చిప్పలను రాతినుంచి విడదీయాలి. మెత్తని రాయి అయితే ముక్కలుగా కొట్టి, ఎండబెట్టి, కిరోసిన్‌లో నానబెడతారు. తరువాత నీటిలో వేస్తే రాయి విచ్చిపోయి బురద అవుతుంది. దాన్ని సన్నని జల్లెడలలో కడిగి, మిగిలిన పొడిని సూక్ష్మదర్శిని కింద పరచి, తడిపిన సన్నని కుంచెతో ఒక్కొక్క చిప్పనూ ఏరుతారు. బియ్యంలో రాళ్ళు ఏరడం కన్నా ఓపిక కావలసిన పని. ఏరిన చిప్పలనుంచి నాలుగు రకాల సమాచారం దొరుకుతుంది.

మొదటిది, ఏ రకం అన్నది. ఆస్ట్రకాడ్లు సముద్రంలో ఉన్నాయి, ఉప్పుకయ్యలలో ఉన్నాయి, మంచినీటిలో ఉన్నాయి. కాని ఒకచోట ఉండే రకం చాలావరకు మరొకచోట బతకదు. ఈదే రకాలు ఎక్కువగా ఉంటే ఎండ సోకే, నాచు మొక్కలున్న లోతు తక్కువ నీరని ఊహించవచ్చు. పాకే రకాలు, మడ్డిలో దూరే రకాలు ఎక్కువైతే చెరువు అడుగు ఎలా ఉండేదో తెలుస్తుంది.

రెండవది, వయస్సు. ఒకే రకానికి చెందిన పిల్ల చిప్పలు, పెద్ద చిప్పలు అన్నీ కలిసి దొరికితే ఆ జీవులు అక్కడే పుట్టి, అక్కడే పెరిగి, అక్కడే చనిపోయాయని అర్థం. అన్నీ ఒకే పరిమాణంలో ఉంటే అనుమానించాలి. చేటతో చెరిగినప్పుడు పొట్టు ఒకవైపు, గింజ ఒకవైపు చేరినట్లు, ప్రవాహం వాటిని ఎక్కడినుంచో మోసుకువచ్చి వేరుచేసి ఉండవచ్చు.

మూడవది, చిప్పల స్థితి. రెండు చిప్పలూ కలిసి మూసుకునే ఉంటే జంతువు ఒండ్రులో త్వరగా పూడిపోయి ఉండాలి. విడిపోయి, అంచులు అరిగివుంటే నీటి కదలిక ఎక్కువన్నమాట.

నాలుగవది రసాయన సాక్ష్యం. ఇక్కడ కొంచెం నెమ్మదిగా చదవండి.

ఎండిన నీరు బరువెక్కుతుంది

ఆస్ట్రకాడ్ పాత పెంకు విడిచిన తరువాత కొన్ని గంటల్లో, లేదా కొద్దిరోజుల్లో కొత్త పెంకును గట్టిపరచుకుంటుంది. దానికి కావలసిన పదార్థాన్ని అప్పటికప్పుడు చుట్టూ ఉన్న నీటినుంచే తీసుకుంటుంది. అందుచేత ప్రతి చిప్పలోనూ ఆ వారపు నీటి రుచి నిలిచిపోతుంది.

నీటిలోని ఆక్సిజన్ పరమాణువులన్నీ ఒకే బరువు కలవి కావు. దాదాపు అన్నీ 16 ద్రవ్యరాశి సంఖ్య కలవి. పదివేలలో సుమారు ఇరవై మాత్రం 18 ద్రవ్యరాశి సంఖ్య కలవి. వీటిని ఆక్సిజన్ ఐసోటోపులంటారు. నీరు ఆవిరయ్యేటప్పుడు తేలిక పరమాణువులున్న నీరు కొంచెం సులువుగా పైకి పోతుంది. బరువైనవి చెరువులోనే మిగులుతాయి. కరువు ఏడాదిలో వాన తక్కువ, ఆవిరి ఎక్కువ. కనుక చెరువు నీటిలో ఆక్సిజన్-18 పాలు పెరుగుతుంది. ఆ నీటితో కట్టుకున్న పెంకులోనూ పెరుగుతుంది. చిప్పలోని ఈ చిన్న తేడాను మాస్ స్పెక్ట్రోమీటరు అనే పరికరం కొలుస్తుంది. ఐసోటోపులను కొలిచే ఇలాంటి పరికరాలు మన ఉప్పల్ రోడ్డు మీదనే, 1961లో ఏర్పడిన జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థలో ఉన్నాయి. ఎన్.జి.ఆర్.ఐ. అని బస్సు కండక్టర్లు కేకవేసే చోటు అదే.

నీటి వేడిమి, వాన ఎక్కడి మేఘాలనుంచి వచ్చిందన్నది కూడా ఐసోటోపుల పాళ్ళను మారుస్తాయి. కనుక శాస్త్రజ్ఞులు ఈ ఒక్క కొలత మీద ఆధారపడరు. చిప్ప రకం, దానిలోని మెగ్నీషియం, స్ట్రాన్షియం పాళ్ళు, మడ్డిలోని ఇతర పదార్థాలు, వీటన్నింటినీ పక్కపక్కన పెట్టి చూస్తారు.

ఈ పద్ధతి మనుషుల చరిత్రను కూడా చెప్పింది. మెక్సికోలోని యుకటాన్ ప్రాంతంలో మాయా ప్రజల గొప్ప నగరాలు క్రీ.శ. 800-1000 మధ్య పాడుపడ్డాయి. అక్కడి చిచన్‌కనాబ్ సరస్సు మడ్డిని డేవిడ్ హోడెల్, ఆయన సహచరులు గొట్టంతో తీసి, అందులోని జిప్సం పొరలను, ఆస్ట్రకాడ్ చిప్పల ఆక్సిజన్‌ను పరీక్షించారు. సరిగ్గా ఆ కాలంలోనే అక్కడ తీవ్రమైన అనావృష్టి ఉండేదని 1995లో ప్రకటించారు. మన దేశంలో హర్యానాలోని కోట్ల దహర్ అనే పాత సరస్సులో నత్తగుల్లలను ఇదే విధంగా పరీక్షించగా, సుమారు 4,100 సంవత్సరాల క్రితం వానలు హఠాత్తుగా తగ్గినట్లు తేలింది. ఈ ఫలితం 2014లో వెలువడింది. సింధు నాగరికతలోని పట్టణాలు క్షీణించడం మొదలైన కాలానికి అది దగ్గరగా ఉంది. పట్టణాలు పాడుపడడానికి కరువు ఒక్కటే కారణమని దీనివల్ల రుజువు కాలేదు. కాని కరువును లెక్కలోకి తీసుకోకుండా ఇక ఆ చరిత్ర రాయలేము.

లావా పొరల మధ్య చెరువులు

ఇప్పుడు వికారాబాదు దారికి తిరిగి వద్దాం. సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరాల క్రితం దక్కను పీఠభూమిలో నేల బీటలువారి లావా వెల్లువలా పొంగింది. ఒకసారి పొంగి ఆగేది. ఆ విరామం వందల ఏళ్ళు కావచ్చు, వేల ఏళ్ళు కావచ్చు. చల్లారిన లావా మీద పల్లాల్లో వాననీరు నిలిచి చెరువులు ఏర్పడేవి. గాలికి, నీటికి, పక్షుల కాళ్ళకు అంటుకుని గుడ్లు, విత్తనాలు వచ్చి చేరేవి. మొక్కలు మొలిచేవి, జీవులు బతికేవి. మళ్ళీ లావా వచ్చి చెరువును కప్పివేసేది. ఆ మడ్డి సున్నపురాయిగానో, చెకుముకి రాయిగానో, గట్టి బంకమన్నుగానో మారిపోయింది. రెండు లావా పొరల మధ్య ఉన్న ఈ పొరలను అంతర్ ట్రాప్ పొరలంటారు.

వీటిలోని చిన్న పెంకులను మొదట గమనించినవారిలో ఒకరు మద్రాసు సైన్యంలో వైద్యుడుగా పనిచేసిన జాన్ గ్రాంట్ మాల్కంసన్. ఆయన హైదరాబాదు, నాగపూరుల మధ్య సేకరించిన రాళ్ళ గురించి 1836లో ఒక వ్యాసం ప్రచురించాడు. ఆయన సేకరించిన శిలాజాలకు లండనులో జేమ్స్ డి కార్ల్ సోవర్బీ 1840లో పేర్లు పెట్టాడు. ఆ పేర్లలో రెండు ఆస్ట్రకాడ్లవి: సైప్రిస్ సిలిండ్రికా, సైప్రిస్ సబ్‌గ్లోబోసా. రెండో పేరును గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దానితో పని ఉంది.

వికారాబాదు జిల్లాలోని నాస్కల్ గ్రామం దగ్గరి అంతర్ ట్రాప్ పొర ప్రపంచ ప్రసిద్ధి పొందింది. అక్కడి మట్టిని కడిగి జల్లెడ పట్టగా ఒకటి, రెండు మిల్లీమీటర్ల పళ్ళు దొరికాయి. అవి ఎలుకంత ఉండే ఒక క్షీరదానివి. జి.వి.ఆర్. ప్రసాద్, అశోక్ సాహ్ని 1988లో ఈ సంగతి ప్రకటించారు. భారతదేశంలో క్రిటేషియస్ కాలపు క్షీరదం దొరకడం అదే మొదలు. దానికి దక్కనోలెస్టిస్ అని పేరు పెట్టారు. అదే పొరలో చేపలు, కప్పల ఎముకలతో పాటు ఆస్ట్రకాడ్ల చిప్పలు కూడా ఉన్నాయి. పళ్ళు "ఇక్కడ ఒక చిన్న క్షీరదం ఉండేది" అని చెబుతాయి. అది ఎటువంటి నీటి ఒడ్డున బతికిందో చెప్పడానికి మాత్రం నీటి జీవులే కావాలి. నాస్కల్‌లో అవి మంచినీటి చెరువునే చూపుతున్నాయి.

రాజమహేంద్రవరం దగ్గర కాటేరు, పంగిడి ప్రాంతాల్లో కూడా లావా పొరల మధ్య ఇటువంటి పొర ఉంది. అక్కడ దొరికేవి వేరు. సముద్రపు, ఉప్పుకయ్యల జీవుల పెంకులు, ఆల్చిప్పలు కనిపిస్తాయి. అంటే ఒకే లావా యుగంలో నాస్కల్‌లో మంచినీటి చెరువు, రాజమహేంద్రవరం దగ్గర సముద్రపు ఒడ్డు. రాళ్ళను పైపైన చూస్తే ఈ తేడా తెలియదు. చిన్న పెంకులను చూస్తే తెలుస్తుంది.

ఒక పేరు, ఒక పొరపాటు

సైప్రిస్ సబ్‌గ్లోబోసా అన్న పేరును గుర్తుపెట్టుకున్నారు కదా? అది దక్కను రాతిలో దొరికిన శిలాజానికి పెట్టిన పేరు. తరువాతి రోజుల్లో మన వరిమడుల్లో, వానగుంటల్లో బతికివున్న ఒక గుండ్రటి ఆస్ట్రకాడ్‌ను చూసినవారు అది కూడా అలాగే ఉందని అదే పేరుతో పిలిచారు. ఆ పేరు స్థిరపడిపోయింది. ఒకే జాతి ఆరున్నర కోట్ల సంవత్సరాలుగా మార్పు లేకుండా బతికివుందన్నట్లయింది!

2003లో రాబిన్ వాట్లీ, సునీల్ బాజ్‌పాయ్, జాన్ విట్టేకర్ ఈ పాత చిక్కుముడిని విప్పారు. దక్కను శిలాజాన్ని మళ్ళీ జాగ్రత్తగా పరిశీలించి, అది సైప్రిస్ ప్రజాతికే చెందదని, పారాసైప్రెట్టా అనే మరో ప్రజాతిలో చేర్చాలని తేల్చారు. అంటే రాతిలోనిది వేరు, మన గుంటలోనిది వేరు.

పేరు మారితే ఏమి నష్టం అని మీరనవచ్చు. ఆలోచించండి. పాత చెరువును గురించి మనం చెప్పేదంతా ఒక పోలిక మీద ఆధారపడివుంది. "ఈ రకం ఇప్పుడు వానగుంటలో బతుకుతోంది కనుక, అప్పుడు కూడా ఇది వానగుంటే" అని వాదిస్తాం. పోల్చిన జీవి అదికాకపోతే వాదమంతా కూలిపోతుంది. తూకపు రాయి తప్పయితే త్రాసు ఎంత మంచిదైనా ఏం లాభం? అందుకే శిలాజాలు చదివేవారికి బతికివున్న జీవులు బాగా తెలిసివుండాలి. ఏ రకం ఎంత ఉప్పును, ఎంత వేడిమిని, ఎంత మురికిని తట్టుకుంటుందో ఎవరో ఒకరు ఇప్పటి చెరువుల్లో చూసి రాసిపెట్టాలి. పాత చెరువు తాళంచెవి ఇప్పటి చెరువులోనే ఉంది.

మన చెరువు ఏమి రాస్తోంది?

ఇక్కడే ఉప్పల్, నాచారాలు మళ్ళీ కథలోకి వస్తాయి.

కొన్నేళ్ళ క్రితం మా బడికి నడక దూరంలో ఉన్న ఒక చెరువు ఒడ్డునుంచి పిల్లలతో ఒక గరిటెడు బురద తెప్పించాను. భూతద్దం కింద చూస్తే నత్తగుల్లలు, నీటిఈగలు, ఆస్ట్రకాడ్లు కనిపించాయి. పిల్లలు లెక్కపెట్టి నోటుబుక్కులో రాసుకున్నారు. రెండేళ్ళ తరువాత వేరే పిల్లలతో అదే ఒడ్డునుంచి మళ్ళీ తెప్పించాను. ఈలోగా మురుగు కాలువ ఒకటి చెరువులోకి మళ్ళింది. నీరు నల్లబడింది, వాసన కొడుతోంది. బురదలో ఎర్రటి సన్నని పురుగులు తప్ప కదిలేది ఏదీ కనిపించలేదు. ఆ ఎర్ర పురుగులు ఒక రకం చిన్న ఈగల డింభకాలు. వాటి రక్తంలో హీమోగ్లోబిన్ ఉండడం వల్ల ఆక్సిజన్ బాగా తగ్గిన నీటిలో కూడా బతకగలవు. ఖాళీ ఆస్ట్రకాడ్ చిప్పలు మాత్రం అడుగున ఇంకా ఉన్నాయి.

ఒక పిల్లవాడు అన్నాడు: "సార్, ఈ చెరువు అప్పుడే శిలాజమైపోతోంది." వాడన్నది తప్పు కాదు. పది వేల ఏళ్ళ తరువాత ఎవరైనా ఈ పూడికను కోసి చూస్తే, అడుగు పొరల్లో ఆస్ట్రకాడ్లు, వాటి మీద ఎర్ర పురుగుల తల పెంకులు, ప్లాస్టిక్ పీచు దొరుకుతాయి. ఈ కాలంలో ఏమి జరిగిందో వాళ్ళకు వేరే సాక్షి అక్కరలేదు.

నష్టం రెండు రకాలు. చెరువు చచ్చిపోతే బతికివున్న రకాలను గమనించే అవకాశం పోతుంది. ఆ రకాలు ఏ నీటిలో ఎలా బతికాయో రాసిపెట్టకముందే అవి మాయమైతే, పాత రాళ్ళలోని వాటి బంధువులను చదవడం కష్టమవుతుంది. ఇక చెరువు శిఖాన్ని మట్టి పోసి పూడ్చివేస్తే వందల ఏళ్ళ వానల లెక్క ఇంటి పునాదుల కింద పడిపోతుంది. హైదరాబాదులో ఏ ఏడు వరద వచ్చింది, ఏ ఏడు కరువు వచ్చిందన్నది రాతప్రతుల్లో కొంతే ఉంది. 1908 నాటి మూసీ వరద లాంటి పెద్ద సంఘటనలే పుస్తకాలకెక్కాయి. మామూలు సంవత్సరాల లెక్క దొరకాలంటే చెరువుల మడ్డినే అడగాలి.

పూడిక తీయడం తప్పని నేననడం లేదు. పూడిక తీయకపోతే చెరువులో నీరు నిలవదు, భూగర్భజలం పెరగదు. ఆ ఒండ్రు పొలాలకు మంచి ఎరువు కూడా. కాని తీసేముందు చెరువు మధ్యలో ఒక గొట్టాన్ని నిలువుగా దింపి, పొరలు చెదరకుండా ఒక్క నమూనా తీసి, ఊరు, తేదీ రాసి భద్రపరిస్తే ఖర్చు ఎంత? పాత ఇల్లు కూల్చేముందు అటకమీది దస్తావేజులు దించుకోమా? ఇదీ అంతే.

మీరే చేసి చూడండి

కావలసినవి: వెడల్పు మూతి గాజుసీసా, ఎండిపోయిన చెరువు అంచునుంచి రెండు గుప్పిళ్ళ మట్టి, భూతద్దం, చిన్న కుంచె, పాత సన్నని నూలుగుడ్డ, కొంచెం వెనిగర్.

మట్టి తేవడానికి పెద్దవారితోనే వెళ్ళండి. నీరున్న చోటికి, బురదలోకి దిగకండి. మురుగు కలిసే చోటు మట్టి తీయకండి. పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోండి.

1. మట్టిని సీసాలో వేసి, దాని మీద వాననీరు పోయండి. కుళాయి నీరైతే క్లోరిన్ పోవడానికి రెండు రోజులు తెరిచివుంచి వాడండి. సీసా మూతికి గుడ్డ కట్టండి. దోమలు గుడ్లు పెట్టకుండా ఇది అవసరం.

2. సీసాను వెలుతురు ఉండి నేరుగా ఎండ పడని చోట పెట్టండి. రోజూ ఒకే వేళకు భూతద్దంతో చూసి, తేదీ వేసి రాయండి. కొన్నిరోజులనుంచి రెండు, మూడు వారాల లోపల ఎండు మట్టిలోని గుడ్లు పొదిగి చిన్న జీవులు కనిపించవచ్చు. గింజలా ఉండి, సాఫీగా జారినట్లు ఈదేది ఆస్ట్రకాడ్ కావచ్చు. ఎగిరెగిరి గెంతుతూ ఈదేది నీటిఈగ.

3. అడుగు మట్టిని కొంచెం గుడ్డమీద కడిగి, మిగిలినదాన్ని ఆరబెట్టి, నల్లకాగితం మీద పరచండి. తెల్లని చిన్న చిప్పలు కనబడితే తడి కుంచెతో ఏరండి. ఒకదాని మీద వెనిగర్ చుక్క వేయండి. సన్నని బుడగలు వస్తే అది కాల్షియం కార్బొనేటు, వచ్చేది కార్బన్ డై ఆక్సైడు. ఇసుక రేణువైతే బుడగలు రావు.

4. ఏమీ దొరకకపోతే "దొరకలేదు" అని రాయండి. అది కూడా ఫలితమే. ఎక్కడి మట్టి, ఎప్పటి మట్టి అన్నది మాత్రం తప్పక రాయండి. మా పిల్లల మొదటి నోటుబుక్కు లేకపోయివుంటే, రెండేళ్ళలో ఆ చెరువు ఏమి పోగొట్టుకుందో మాకు తెలిసేది కాదు.

ఆ తొమ్మిదో తరగతి అమ్మాయికి నేను చెప్పిన జవాబు ఇది: డైనోసార్ల కాలపు చెరువు ఉప్పల్‌లో దొరకదు, నాస్కల్‌లో దొరుకుతుంది. కాని దాన్ని చదవడం నేర్చుకోవలసింది ఉప్పల్ చెరువు దగ్గరే. మరునాడు ఆ అమ్మాయి ఒక జాడీ సీసా పట్టుకుని బడికి వచ్చింది.

ఆలోచించి జవాబు రాయండి

1. ఒక పొరలో ఒకే రకం ఆస్ట్రకాడ్ల పెద్ద చిప్పలు మాత్రమే దొరికాయి, పిల్ల చిప్పలు లేవు. కారణాలు ఏమై ఉండవచ్చు?

2. కరువు సంవత్సరంలో ఏర్పడిన చిప్పలో ఆక్సిజన్-18 పాలు ఎందుకు పెరుగుతుంది?

3. "పెంకులు దొరకలేదు కనుక ఆ చెరువులో ఆస్ట్రకాడ్లు లేవు" అన్న వాదనలో లోపం ఏమిటి?

4. నాస్కల్, రాజమహేంద్రవరం అంతర్ ట్రాప్ పొరల మధ్య తేడా ఏమిటి? దాన్ని దేనివల్ల తెలుసుకున్నారు?

5. మీ ఊరి చెరువులో ఇప్పుడు పేరుకుంటున్న పొరలో రాబోయే తరాలవారికి ఏమేమి దొరుకుతాయో ఒక పట్టిక రాయండి.